పరిశోధనలో సమానత్వం: ప్రవేశంతో ఆగకూడదు



  ఉన్నత విద్యలో స్త్రీపురుష సమానత్వం, పరిశోధన విధానం ఈ సదస్సుకు మనం ఎంచుకున్న అంశం. దాన్ని చర్చించడానికి హైదరాబాదులోని కాచిగూడ ఎంతో తగిన చోటు.

ఇక్కడికి కూతవేటు దూరంలో కోఠి ఉంది. 1924లో మొదలైన మహిళా కళాశాల తర్వాత అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి చేరింది. ఇంకోవైపు నారాయణగూడ. 1928లో మాడపాటి హనుమంతరావు గారు, వారి మిత్రులు అక్కడ ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. విద్యానగర్ వైపు వెళితే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ సంస్థలు. అది దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ పైన తార్నాక. తెలంగాణలో స్త్రీ విద్య చరిత్రలో పెద్ద భాగం ఈ నాలుగైదు మైళ్ల దారిలోనే నడిచింది.

నారాయణగూడ బడి కథ ఇవాళ్టి చర్చకు నేరుగా సంబంధించింది. ఆ బడి ఉన్నత పాఠశాలగా ఎదుగుతున్నప్పుడు గుర్తింపు చిక్కు వచ్చిపడింది. అప్పట్లో ఉస్మానియాలో బోధనా భాష ఉర్దూ. తెలుగులో చదివిన ఆడపిల్లలకు ఇక్కడ పరీక్ష రాసే దారి లేకపోయింది. చివరికి పూనాలో కార్వే గారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపుతో ఆ పిల్లలు పరీక్షలు రాశారు. చదవాలన్న పిల్లలున్నారు, చెప్పే పంతులమ్మలున్నారు, పంపే తల్లిదండ్రులున్నారు. లేనిదల్లా వాళ్లను ఒప్పుకునే నిబంధన. ఎక్కడో పూనాలో రాసుకున్న నియమం ఇక్కడి పిల్లలకు తలుపు తెరిచింది. నిబంధనలు పొడి వ్యవహారమని, గుమాస్తాల పని అని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మనవి.

ఆ తలుపు ఇప్పుడు బాగానే తెరుచుకుంది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2020-21 లెక్క ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.14 కోట్ల మందిలో 2.01 కోట్ల మంది ఆడపిల్లలు. అంటే ఇంచుమించు సగం. అధ్యాపకుల దగ్గరికి వస్తే వంద మంది పురుషులకు 75 మందే స్త్రీలు. ప్రొఫెసర్ హోదాకు వెళ్లేకొద్దీ ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. ఎంపిక సంఘాల్లో, నిధుల సంఘాల్లో, పాలక మండళ్లలో మరీ తగ్గుతుంది. ఆడపిల్లలు చదువుకోవడానికి వస్తున్నారు. ఏ ప్రశ్న పరిశోధించదగినదో, ఏ ప్రశ్నకు డబ్బు ఇవ్వాలో తేల్చే గదిలో మాత్రం వాళ్లు పెద్దగా కనిపించరు. సమానత్వాన్ని ప్రవేశాల లెక్కతో కొలవడం ఆపి, ఆ గదిలో ఎవరున్నారన్న లెక్కతో కొలవాలి. నేను చెప్పదలచిన మాట ఇదే.

యూరప్ పరిస్థితీ దీనికి భిన్నంగా లేదు. అక్కడ డాక్టరేట్లు అందుకునేవారిలో స్త్రీలు 48 శాతం అని యూరోపియన్ కమిషన్ 2021లో ప్రచురించిన 'షీ ఫిగర్స్' నివేదిక చెప్పింది. పరిశోధకుల్లో వాళ్లు మూడో వంతు. అత్యున్నత ఆచార్య పదవుల్లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. అయితే యూరప్ ఈ నిజాన్ని దాచుకోలేదు, లెక్క కట్టి బయట పెట్టింది. అక్కడి అనుభవాల్లో రెండింటిని మీ ముందు ఉంచుతాను.

మొదటిది స్వీడన్‌ది. 1995లో అక్కడి వైద్య పరిశోధన మండలి పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు ప్రకటించింది. 114 మంది దరఖాస్తు చేశారు, అందులో 52 మంది స్త్రీలు. ఇచ్చిన ఫెలోషిప్‌లు 20. స్త్రీలకు దక్కినవి నాలుగు. స్త్రీల పరిశోధనలో అంత పస లేదేమోనని అందరూ సరిపెట్టుకోవచ్చు. క్రిస్టీన్ వెనెరాస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరిపెట్టుకోలేదు. ఎవరికి ఎన్ని మార్కులు వేశారో చూపించమని అడిగారు. మండలి నిరాకరించింది. ఆ మార్కులు ప్రభుత్వ పత్రాలేనని, చూపించాల్సిందేనని న్యాయస్థానం చెప్పింది. లెక్క తీస్తే తేలిందేమిటంటే, పురుషుడికి వచ్చినన్ని మార్కులు స్త్రీకి రావాలంటే ఆమె అతనికన్నా రెండున్నర రెట్లు పరిశోధన చేసి ఉండాలి. ఆ వ్యాసం 1997లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ప్రతిభను నిష్పక్షపాతంగా తూస్తున్నామని నమ్మే పెద్దలు కూడా ఆ త్రాసును ఒకసారి పరీక్షించుకోవాలని అది చెప్పింది. మార్కులు బయటకు రాకపోతే ఆ నిజం బయటపడేదే కాదు.

రెండోది ఐర్లండ్‌ది. గాల్వే విశ్వవిద్యాలయంలో 2009 పదోన్నతుల్లో 17 మందిని ఎంపిక చేస్తే స్త్రీ ఒక్కరే. వృక్షశాస్త్ర అధ్యాపకురాలు మిషెలిన్ షీహీ స్కెఫింగ్టన్ సమానత్వ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2014లో తీర్పు ఆమె పక్షాన వచ్చింది. అది ఒక మనిషికి జరిగిన న్యాయంతో ఆగలేదు. 2016లో దేశమంతటి విశ్వవిద్యాలయాల మీద సమీక్ష జరిగింది. సమానత్వం కోసం పనిచేస్తున్నట్టు గుర్తింపు తెచ్చుకోని సంస్థకు పరిశోధన నిధులు ఉండవన్న షరతు వచ్చింది. ఆ గుర్తింపు పేరు ఎథీనా స్వాన్, 2005లో బ్రిటన్‌లో మొదలైంది. 1592లో పుట్టిన డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు 2021లో తొలిసారి ఒక స్త్రీ, లిండా డోయల్, అధిపతి అయ్యారు.

ఇప్పుడు యూరప్ మొత్తం ఆ దారి పట్టింది. 2021 నుంచి 2027 వరకు నడిచే 'హొరైజన్ యూరప్' పరిశోధన కార్యక్రమానికి మొదట కేటాయించింది సుమారు 9,550 కోట్ల యూరోలు. ఈ డబ్బు కావాలంటే విశ్వవిద్యాలయానికైనా, ప్రభుత్వ పరిశోధన సంస్థకైనా సమానత్వ ప్రణాళిక ఉండి తీరాలని 2022 నుంచి నియమం పెట్టారు. ఆ ప్రణాళిక బహిరంగ పత్రంగా ఉండాలి. దానికి మనుషులను, డబ్బును కేటాయించాలి. ఏటా లెక్కలు తీయాలి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఈ నాలుగూ తప్పనిసరి. కాగితం మీద ప్రణాళిక రాసి పక్కన పెట్టే సంస్థలు అక్కడా ఉంటాయి. అయినా ఒక మేలు జరిగింది. మంచి మనసున్న వైస్ చాన్సలర్ వచ్చేదాకా ఎదురుచూడాల్సిన అగత్యం పోయింది. సమానత్వం నిధుల లెక్కలోకి వచ్చింది.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. ఇక్కడి స్త్రీలు విధానాలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టారు. 1978లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. అందులోని స్త్రీలు ఊరూరా తిరిగి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటనే విని రికార్డు చేశారు. 1986లో అది 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువడింది. మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ, చిట్యాల ఐలమ్మ (చాకలి ఐలమ్మ) వంటివారి గొంతులు అందులో ఉన్నాయి. ఐలమ్మ 1985 సెప్టెంబరులో కన్నుమూశారు. గ్రాంటు మంజూరయ్యాక వెళదామని ఆ పరిశోధకులు ఆగి ఉంటే ఆమె మాట మనకు దక్కేది కాదు. 2024లో ప్రభుత్వం, మొదట చెప్పిన కోఠి కళాశాల నుంచి ఏర్పడిన మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. ఇవాళ ఒక విశ్వవిద్యాలయం ధరించిన పేరు వెనకున్న చరిత్రను, ఆనాడు ఏ విశ్వవిద్యాలయ ప్రాజెక్టు కోసమూ ఆగకుండా స్త్రీలు సేకరించి పెట్టారు.

1985లో 'అన్వేషి' స్త్రీల అధ్యయన పరిశోధన కేంద్రం ఈ నగరంలోనే పుట్టింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల రెండు సంపుటాలు 1990ల మొదట్లో వచ్చి ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలయ్యాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఈ స్త్రీల ఉద్యమంలోని మనిషే. ప్రయోగశాలలో పోషకాహారం మీద పనిచేస్తూనే, ఆడవాళ్ల ఒంటి గురించి ఆడవాళ్లకే తెలుగులో చెప్పిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వెనక ఆమె ఉన్నారు. అదే సంస్థకు వినోదిని రెడ్డి, కమలా కృష్ణస్వామి, ఆర్. హేమలత డైరెక్టర్లుగా పనిచేశారు. ఆ పక్కనే ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థకు ఎం. లక్ష్మీకాంతం డైరెక్టరయ్యారు. తార్నాక దారిలో నడిచే అమ్మాయికి ఈ పేర్లు తెలియాలి. పెద్ద శాస్త్ర సంస్థను స్త్రీ నడపగలదా అన్న ప్రశ్నకు ఈ వీధి ఏనాడో జవాబు చెప్పింది.

ఇంత చేసిన నగరానికి ఇప్పుడు కావలసింది నియమాల అండ. మన దేశంలో నియమాలు అసలు లేవని కాదు. పీహెచ్‌డీ చేస్తున్న స్త్రీలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి రెండేళ్ల అదనపు గడువు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చింది. లైంగిక వేధింపుల నివారణకు విశ్వవిద్యాలయాల కోసం ప్రత్యేక నియమావళి తెచ్చింది. వృత్తి మధ్యలో విరామం వచ్చిన స్త్రీలు పరిశోధనకు తిరిగి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మహిళా శాస్త్రవేత్తల పథకం నడిపింది. ఎథీనా స్వాన్ స్ఫూర్తితో 2020లో 'గతి' కార్యక్రమం ప్రకటించింది. ఇవన్నీ మంచి అడుగులే. వీటికి రెండు లోపాలున్నాయి. పాటించని సంస్థకు నిధులు తగ్గడం ఆచరణలో కనబడదు. ఎంతవరకు పాటించారో చెప్పే లెక్కలు జనం ముందుకు రావు.

విభాగాల్లో జరిగేది మనందరికీ తెలుసు. సెలవు రాసి ఉంటుంది, ఫెలోషిప్ మాత్రం నెలల తరబడి ఆగుతుంది. పెళ్లయిన అమ్మాయిని చేర్చుకోవడానికి గైడ్ వెనకాడతాడు, కారణం పైకి చెప్పడు. గ్రంథాలయం రాత్రి తెరిచే ఉంటుంది, హాస్టల్ గేటు ముందే మూసేస్తారు. ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేక కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న అధ్యాపకురాలు పరిశోధన ప్రాజెక్టుకు దరఖాస్తు చేసే అర్హతకే నోచుకోదు.

అందులోనూ అందరు స్త్రీల దారీ ఒకటి కాదు. గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' సంకలనం తెచ్చేదాకా తెలుగు దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒక్కచోట చదివే వీలు మనకు లేకపోయింది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు అన్ని దశాబ్దాల పాటు ఆ పని చేయాలని తోచలేదు. ఆ శాఖల్లో దళిత స్త్రీలు అంతగా లేకపోవడం అందుకు ఒక కారణం. తండాల నుంచి, పాతబస్తీ నుంచి, పల్లెల నుంచి మొదటి తరంగా వచ్చిన అమ్మాయిలు తమ ప్రశ్నలు వెంట తెచ్చుకుంటారు. స్త్రీలు ఎంతమంది అన్న లెక్క ఒక్కటే తీసి తృప్తిపడితే వాళ్లు అందులో కనబడకుండా పోతారు.

కాబట్టి ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి విశ్వవిద్యాలయం ఏటా లెక్క ప్రకటించాలి. ప్రవేశాలు, పీహెచ్‌డీ పూర్తి చేసినవారు, మధ్యలో మానేసినవారు, అధ్యాపక హోదాలు, ప్రాజెక్టు నిధులు అన్నింటిలో స్త్రీలెందరు, పురుషులెందరు, ట్రాన్స్‌జెండర్లెందరు, ఏ సామాజిక వర్గాల వారెందరు అన్నది వెబ్‌సైట్‌లో ఉండాలి.

రెండు. ఎంపిక, నిధుల, పరిశోధన సంఘాల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలుండాలి. ప్రాజెక్టు తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి.

మూడు. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే పరిశోధన నిధులకు సమానత్వ ప్రణాళికను షరతు చేయాలి. ఆ ప్రణాళికకు ఒక అధికారి, ఒక బడ్జెట్ పద్దు ఉండాలి.

నాలుగు. సెలవులో ఉన్న పరిశోధకురాలికి ఫెలోషిప్ నెలనెలా అందాలి. కాంట్రాక్టు అధ్యాపకులకు ప్రసూతి సెలవు, ప్రాజెక్టులకు దరఖాస్తు చేసే అర్హత ఉండాలి. క్యాంపస్‌లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. హాస్టల్ వేళలు గ్రంథాలయం వేళలతో కలవాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. చాలావరకు అకడమిక్ కౌన్సిళ్లు, పాలక మండళ్లు, ఉన్నత విద్యా శాఖలు తలచుకుంటే ఒక విద్యా సంవత్సరంలో అయ్యే పనులు.

పరిశోధక మిత్రులారా, మీకు ఒక మాట. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దానితోపాటే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ జరిగింది. చదువుకున్న స్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్న రోజుల్లో వాళ్లు సభ చేసి, తమకేం కావాలో నలుగురి ముందు చెప్పారు. మీరు ఇవాళ వాళ్ల కన్నా ఎక్కువ మంది, ఎక్కువ చదివినవాళ్లు. మీ విభాగంలో లెక్క అడగండి. తిరస్కరణకు కారణం అడగండి. మీ అమ్మ, మీ అమ్మమ్మ బతుకులోని ప్రశ్న పరిశోధనకు తగదని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. విభాగాధిపతులుగా, గైడ్లుగా ఉన్న పెద్దలను కోరేది, ఆ అడిగే పిల్లలకు అండగా నిలవమని.

ఈ రెండు రోజుల చర్చలో ఈ ప్రతిపాదనలను సవరించండి, పెంచండి, తప్పులుంటే దిద్దండి. ముగింపు సభలో తీర్మానంగా ఆమోదించి, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ప్రతి విశ్వవిద్యాలయానికీ పంపుదాం. వచ్చే సదస్సులో మొదటి గంటను, ఏ విశ్వవిద్యాలయం ఏం చేసిందో చదివి వినిపించడానికి కేటాయిద్దాం.