రక్తం పడితే దాచుకోవద్దు



మా బార్కస్ సంఘంలో ఒక చెల్లెకు విరేచనంలో రక్తం పడేది. మొలలేమోనని సిగ్గుతో దాచుకుంది. కెమెరా పరీక్ష చేస్తే పెద్దపేగు వాపు, అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. మెసలమైన్ గోలీలతో తగ్గింది. తగ్గిందని మానేసింది, మళ్లీ లేచింది.

ఇది షుగరు, బీపీ లెక్కనే. బాగున్నా గోలీ వేసుకోవాలి. స్టెరాయిడ్ ఇస్తే ఒక్కసారే ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నొప్పికని అడగకుండా బ్రూఫెన్ లాంటివి వేసుకోవద్దు.

జబ్బు లేచినప్పుడు కారం, మసాలా, మన బార్కస్ జామకాయలు పక్కన పెట్టి మెత్తటి అన్నం, పలుచటి కిచిడీ తినాలి. నీళ్లు బాగా తాగాలి. తగ్గినాక ఏది పడుతుందో చూసుకుంటూ ఒక్కొక్కటీ తినొచ్చు.

గోలీలకు సంఘం పొదుపులోంచి అప్పు ఇచ్చినం. ఇప్పుడు ప్రతి మీటింగులో పొదుపు రాసేటప్పుడే "గోలీలు ఉన్నయా?" అని అడుగుతున్నం. మీ సంఘాల్లో కూడా అడగండి.