దండధారికి పదోన్నతి

కురుక్షేత్రమున జయించిన పిమ్మట ధర్మరాజు, రాజ్యము వలదు, అడవికి పోయెదననెను. తమ్ములు, ద్రౌపది వారించిరి. దండము లేనిచో లోకము నిలువదని అర్జునుడు వాదించెను. వ్యాసుడు, శ్రీకృష్ణుడు నచ్చజెప్పిన మీదట గాని ఆయన పట్టాభిషేకమునకు అంగీకరింపలేదు. పిదప అంపశయ్యపై నున్న భీష్ముని వలన రాజధర్మము తెలిసికొనెను. శాంతిపర్వారంభమున గల కథ ఇది.

పోలీసు శాఖలో ఎ.ఎస్.ఐ.గా నున్న భక్తుడొకడు, "శాస్త్రిగారూ, ఎస్.ఐ. పదోన్నతికి ప్రయత్నింపవచ్చునా? కోరుట కామ్యము కాదా?" అని నన్నడిగెను.

కోరుట దోషము కాదు, దేనికై కోరుచున్నామో చూచుకొనవలెను. గీత పదునెనిమిదవ అధ్యాయమున క్షాత్రకర్మకు ఏడు గుణములు చెప్పబడినవి. శౌర్యముతో మొదలై, వెన్నుచూపకుండుట, దానము గడచి, చిట్టచివర ఈశ్వరభావము, అనగా శాసించు సామర్థ్యము వచ్చును. మనవారు చివరిదానిని ముందు పట్టుకొందురు, అదియే చిక్కు!

అరెస్టయిన వానిని, ప్రయాణకాలము పోను, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగము 22వ అధికరణము శాసించుచున్నది. అంతవరకు ఒక దిక్కులేనివాని ప్రాణము స్టేషను అధికారి చేతిలో నుండును. అట్టి భారము వహింపగలవాడు నాయకుల ఒత్తిడికి జడిసి తప్పుకొనుట వైరాగ్యము కాదు, పలాయనము. తల్లి మంచమున నున్నది, బదిలీ యగునేమోయని మానుకొనుట వేరు, అదియు ధర్మమే. కోరిన స్టేషనుకై సొమ్ము ముట్టజెప్పవలసి వచ్చినచో మాత్రము ఆ పదవి వలదు. ఆ సొమ్మును మరల ఫిర్యాదుకు వచ్చిన పేదవాని కొంగుననే కదా వెదకవలెను! ఇంత చెప్పి, ముందుగా ఇంట తల్లిని అడిగి రమ్మంటిని.