నాదెండ్ల దర్వాజా మీదుగా కొండవీటికి

ఎంతకును తెగని జాబితాను 'కొండవీటి చాంతాడు' అనుట తెలుగువారికి వాడుక. ఆ సీమలో నీరు మిక్కిలి లోతున నుండుటచే బావులకు పొడవైన చేదతాళ్లు కావలసివచ్చెననియు, ఆ పలుకుబడి అందుచేతనే పుట్టెననియు పెద్దలు చెప్పుదురు. కాలినడకను కొండవీడు ఎక్కదలచినవారు ఈ మాటను మరువరాదు.

నేడు కొండపైకి ఘాట్ రోడ్డు కలదు. పిల్లలతోను, వృద్ధులతోను పోవువారికి అది ఎంతయో మేలు. అయితే ఆ కోటకు పూర్వము నుండి రెండు ద్వారములు ప్రసిద్ధములు: ఒకటి కొలేపల్లి దర్వాజా, రెండవది నాదెండ్ల దర్వాజా. ఒక పల్లె పేరు కోటద్వారమునకు నిలిచినదన్నచో, ఆ పల్లెకును కోటకును నడుమ ఎన్ని పాదములు నడచినవో ఊహింపవచ్చును. ఆ నడకను చూడవలెనని ఒక మాఘమాసపు వేకువను మేము నాదెండ్ల వైపు నుండి బయలుదేరితిమి.

కొండ మొదట మేకలు కాయు పెద్దాయన ఒకరు మమ్ము ఆపి, "అయ్యా, మేక ఎక్కిన చోటికల్లా మనిషి ఎక్కలేడు. దిగే దారి చూసుకొని మరీ ఎక్కండి" అనిరి. ఆ మాట విలువ మాకు గంటలోనే తెలిసెను. కాలిబాట కొంతదూరము స్పష్టముగా నుండి, పిమ్మట నాలుగు మేకబాటలై చీలి, ముండ్లపొదలలో అణగిపోయెను. అచట నుండి బాట విడిచి పోవలసి వచ్చెను. వాగుపల్లమున రాళ్లు కదలుచుండుటచే గట్టు వెన్నునే పట్టుకొంటిమి. ఒకరి క్రింద ఒకరు నడువక పక్కపక్కగా ఎక్కితిమి. పైవాని కాలు తాకి దొర్లిన రాయి క్రిందివానికి ప్రమాదము గదా! మలుపు మలుపున వెనుదిరిగి చూచి గుర్తులు పెట్టుకొంటిమి. ఎక్కునపుడు కనిపించు కొండ వేరు, దిగునపుడు కనిపించు కొండ వేరు.

పొద్దెక్కిన తరువాత శిథిలమైన ప్రాకారము కనబడెను. దాని వెంట నడచి పైకి చేరితిమి. 14వ శతాబ్దమున అనవోతారెడ్డి తన రాజధానిని అద్దంకి నుండి ఈ కొండకు మార్చెను. 15వ శతాబ్దారంభమున పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా నుండెను. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అను మూడు చెరువులు కలవు. క్రింద చాంతాడు చాలని సీమలో, శిఖరమున వాననీటిని నిలుపుకొనుటయే ఈ కోటకు ప్రాణము.

1515లో శ్రీకృష్ణదేవరాయల సేన ఈ కోటను ముట్టడించి, జూన్ 23న వశపరచుకొన్నది; గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడెను. పిదప తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీటిని పాలించెను. ఆ ముట్టడికి నెలలేల పట్టెనో పుస్తకములో చదివినపుడు మాకు అంతగా బోధపడలేదు. ఖాళీ చేతులతో, తిన్నని బాట లేని ఆ ఏటవాలును ఎక్కినపుడు మోకాళ్లే చెప్పినవి. పైనుండి రాళ్లును బాణములును పడుచుండగా, ఆయుధములతో ఎక్కినవారి మాట వేరుగా చెప్పవలెనా?

గోడలను, ద్వారములను కాపాడవలెనని అందరును అందురు. గుప్తనిధుల ఆశతో త్రవ్వువారిని వారింపవలసినదే. కాని ద్వారమునకు చేర్చు బాటయు కోటలో భాగమే. గోడను తాపీవాడు నిలుపగలడు. బాటను మాత్రము నడచువారే నిలుపవలెను. నాలుగేండ్లు ఎవరును అడుగిడనిచో ముండ్లు దానిని మ్రింగివేయును.

కావున పల్నాటి యువజనులు, ఉపాధ్యాయులు ఏటికి ఒక్కమారైనను ఈ వైపు నుండి ఎక్కవలెనని మా మనవి. సంక్రాంతి తరువాత, ఎండలు ముదురక మునుపు వెళ్లుడు. ఆ కొండ ఎరిగిన పల్లెవారిని వెంట తీసికొనుడు. ఇంటివద్ద చెప్పి, నలుగురికి తక్కువ గాక పొండు. మధ్యాహ్నము తిరుగగనే దిగుటకు సిద్ధపడుడు. శిఖరము ఇంకను పైన నున్నను సరే. నీరు మాత్రము చాలునని తోచినదానికి రెట్టింపు మోసికొని పొండు.