చామోర్షి ఇళ్ళలో తెలుగు



సిరోంచ వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఆవలి ఒడ్డున కాళేశ్వరం. అందుచేత అక్కడ తెలుగు వీధిలోనూ వినిపిస్తుంది. అదే గడ్చిరోలి జిల్లాలో, ఎగువన ఉన్న చామోర్షి సంగతి వేరు. అక్కడ బడి, కచేరి మరాఠీలో నడుస్తాయి. తెలుగు కుటుంబాల మాతృభాషకు మిగిలిన చోటు వంటిల్లూ, వాకిలీ.

ఆ చోటు చిన్నదేమీ కాదు. సంక్రాంతికి బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి అవ్వ బట్టపై సకినాలు చుడుతుంటే మనుమరాలికి వంటతోపాటు మాటా అబ్బుతుంది. వామనగుంటల పీటపై 14 గుంటల్లో చింతగింజలు పంచుతూ పిల్లలు తెలుగులోనే లెక్కిస్తారు. శివరాత్రికి మార్కండా జాతరకు పోయినప్పుడు, వైనగంగ అక్కడ ఉత్తరవాహినిగా పారడాన్ని తాతగారు చూపిస్తారు.

లోటు ఒక్కటే, కాని పెద్దది. ఉత్తరాల కాలంలో ఆదిలాబాదు చుట్టాల నుండి కార్డు వస్తే, చదువురాని అవ్వ దానిని బడికి పోయే మనుమడి చేతికిచ్చేది. అతనికి వచ్చినది నాగరి లిపి. ఇక తెలుగు చదివినవారి కోసం వెదుకులాట. పురుడైనా, చావైనా, ఇంటి కబురును పరాయి నోట వినవలసి వచ్చేది. తెలుగు బడిలో ఓనమాలు దిద్దినవారికి ఈ బాధ ఊహకైనా రాదు.

ఇప్పుడు ఫోనులో మాట చేరుతున్నది. ఆ కార్డులు మాత్రం కొన్ని ఇళ్ళలో పెట్టెల అడుగున ఉన్నాయి. చదివించుకున్న అవ్వలు చాలామంది లేరు. దాచుకున్న మనుమలు వాటిని నేటికీ చదవలేరు.