చరాయిదేవ్ రాజసమాధులు

అస్సాము దేశమునందు సొనారి యను చిన్న తేయాకు పట్టణము కలదు. దానికి సమీపముననున్న చరాయిదేవ్ రాజసమాధులను ఇటీవల నేను దర్శించితిని. 1228లో సుకాఫా స్థాపించిన అహోం రాజ్యము ఇంచుమించు 600 ఏండ్లు నిలిచినది. ఆ రాజుల సమాధులు పైకి పచ్చిక మొలచిన మట్టిదిబ్బలే. లోపల గది యుండును. అందు రాజుతోబాటు విలువగల వస్తువులనుగూడ నుంచెడివారు. ఆ ధనమే సమాధులకు ముప్పు తెచ్చినది. 1662లో దండెత్తిన మీర్ జుమ్లా సైనికులు వానిని త్రవ్వి దోచిరి. గోల్కొండ కొలువులోనుండి 1650లో మన గండికోటను పట్టినవాడును ఈ మీర్ జుమ్లాయే!

2024లో ఈ దిబ్బలు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినవి. దోచిన ధనము ఏనాడో వ్యయమైనది. చెడిన చరిత్ర మాత్రము మరల రాదు. మీ యూరి పాటిదిబ్బను లంకెబిందెల యాశతో త్రవ్వవచ్చువారిని పెద్దలైన మీరే వారింపవలెను.