ఓడలో అమరపు గది

మన కోస్తా పల్లెకారులు పడవ రెండు కొనలకు రెండు చక్కని పేర్లు పెట్టియున్నారు. ముందు కొన అణియము. వెనుక కొన అమరము. అణియము అలను చీల్చును. అమరమున కూర్చున్నవాడు చుక్కాని పట్టును. ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొన్నచో ఈనాటి మా ప్రసంగము సుబోధకమగును. విహారయాత్రల కొరకు నిర్మించిన పెద్ద ఓడలలో, అమరపు కొసన, సముద్రమువైపు తెరచియుండు బాల్కనీలు గల గదులు కొన్ని ఉండును. వాటినే కోరి తీసికొనువారు కలరు. ఒకసారి తీసికొని మరల వలదనువారును కలరు. ఉభయుల వాదమును శ్రోతల ముందుంచి, ఆ గది ఎవరికి తగునో, ఎవరికి తగదో విచారించుట మా ఉద్దేశము.

ఇది మనకు సంబంధించని విషయమని తలపవలదు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అను విహార నౌక చెన్నై నుండి విశాఖపట్టణమునకు వచ్చి, మన తీరమున ప్రయాణికులను ఎక్కించుకొన్నది. 2023లో విశాఖ రేవున ఇట్టి ఓడల కొరకే ఒక టెర్మినల్ ప్రారంభమైనది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. అమెరికాలోను, సింగపూరులోను, ఆస్ట్రేలియాలోను స్థిరపడిన మన పిల్లలు, తమను చూడవచ్చిన తల్లిదండ్రులను ఓడ విహారమునకు తీసికొనిపోవుట నేడు వింత కాదు. ఆ పెద్దలకు అది జీవితమున ఒకే ఒక సముద్రయానము కావచ్చును. గది ఎన్నికలో తప్పు జరిగినచో, దినముల తరబడి దాని ఫలమును అనుభవింపవలసి వచ్చును. నడిసముద్రమున గది మార్చుకొందమన్నను, ఓడ నిండియున్నప్పుడు అది సాధ్యము కాదు.

అమరము విలువ అన్ని కాలములందును ఒక్క తీరుగా లేదు. తెరచాపల కాలమున అది ఓడ నాయకుని స్థానము. గాలి వెనుకనుండి గాని, ప్రక్కలనుండి గాని వీచినప్పుడు తెరచాప ఓడ చక్కగా సాగును. కనుక వందలాది మనుష్యులు క్రిక్కిరిసియుండు ఓడలోని దుర్గంధము ముందుకు పోయెడిది; అమరమున నిర్మలమైన గాలి ఆడెడిది. చుక్కాని త్రిప్పు చోటును దానికి చేరువ. 1765లో జలప్రవేశము చేసి, నేడును ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్‌లో భద్రపరుపబడియున్న ‘విక్టరీ’ యుద్ధనౌకలో, నెల్సన్ సేనాని నివసించిన గది అమరముననే, వరుసగా తీర్చిన కిటికీలతో కనిపించును. ఆనాటి పెద్ద యుద్ధనౌకలలో కొన్నిటికి అమరమున వసారాలు సైతము ఉండెడివి. నేటి బాల్కనీకి అదియే పూర్వరూపమనవచ్చును.

ఆవిరి యంత్రములు వచ్చిన పిమ్మట ఈ గౌరవము తలక్రిందులైనది. ఓడను నెట్టు ప్రొపెల్లరు అమరము క్రిందనే తిరుగసాగెను. దాని అదురును, మ్రోతయు అమరముననే అధికము. ధనికులు ఓడ నడుమకు చేరిరి; కొనలు పేదలకు మిగిలెను. 1912 నాటి ‘టైటానిక్’ ఓడ మూడవ తరగతిలో ఒంటరి పురుషులకు అణియమునను, కుటుంబములకును ఒంటరి స్త్రీలకును అమరమునను చోటు కల్పించిరి. 1935లో తొలియాత్ర చేసిన ఫ్రెంచి నౌక ‘నార్మండీ’ అపూర్వ వైభవము గలది. అంతటి ఓడకును అమరపు అదురు తప్పలేదు. మొదట అమర్చిన మూడు రెక్కల ప్రొపెల్లర్లను తీసివేసి, నాలుగు రెక్కలవి పెట్టిన పిమ్మట గాని ఆ అదురు శాంతింపలేదు.

ఇటీవలి దశాబ్దములలో చక్రము మరల తిరిగినది. 1984లో వచ్చిన ‘రాయల్ ప్రిన్సెస్’ ఓడలో ప్రయాణికుల గదులన్నియు సముద్రమువైపునకే నిర్మింపబడెను. క్రమముగ బాల్కనీ లేని గది వెలితిగల గదిగా తోచసాగెను. 1998లో ‘ఎలేషన్’ అను ఓడ, విద్యుత్తు మోటారును ఓడ పొట్ట క్రింద ఒక తొట్టిలో అమర్చి, ఆ తొట్టియే ప్రొపెల్లరుతో సహా ఎటువైపునకైనను తిరుగునట్లు చేసిన ఏర్పాటుతో వెలువడినది. విహార నౌకలలో అట్టిది అదియే మొదటిది. ఇట్టి ఏర్పాట్ల వలన అదురు చాలవరకు తగ్గెను. అమరపు బాల్కనీ మరల కోరదగినదై, వెల పెరిగి కూర్చున్నది. నాయకుని స్థానము పేదల పాలై, పేదల స్థానము మరల ధనికుల పాలైనది. ఈ మూడు దశలలోను మారనిది సముద్రమొక్కటియే.

ఇక గుణములను చెప్పుదము. మొదటిది దృశ్యము. ప్రక్క బాల్కనీలో నిలిచినవానికి ఓడ ఒక వైపు మాత్రమే కనిపించును. అమరపు బాల్కనీలో కుడియెడమల దిగంతములు రెండును కనుపట్టును. ఎదుట, ఓడ నడచివచ్చిన త్రోవ, దుక్కి చాలువలె తెల్లని నురుగుతో ఆకాశపు అంచు దాక సాగియుండును. రేవు విడుచునపుడు ఊరు మెల్లమెల్లగా చిన్నదై, దీపములు చుక్కలై, చుక్కలు మాయమగుట అచ్చటినుండియే చక్కగా చూడవలెను.

రెండవది గాలి. ఓడ 20 నాట్ల వేగమున, అనగా గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు, ఆకు కదలని దినమున సైతము ప్రక్క బాల్కనీలకు ఎదురుగాలి తగులుచుండును. అమరమునకు ఓడ శరీరమే అడ్డుగోడ. అచ్చట తీరికగా కూర్చుండి కాఫీ త్రాగవచ్చును, పుస్తకము చదువుకొనవచ్చును. ఐతే గాలి వెనుకనుండి వీచు దినమున ఈ రక్షణ ఉండదు.

మూడవది విశాలత. పెక్కు ఓడలలో అమరపు బాల్కనీలు ప్రక్క బాల్కనీల కంటె లోతుగా ఉండును. మూల గదులకు కొన్నిటియందు బాల్కనీ రెండు వైపుల చుట్టుకొని వచ్చును. పైగా ఇది వరండా చివరి గది యగుటచే తలుపు ముందర రాకపోకలు స్వల్పము.

ఇప్పుడు దోషములను చూతము. అన్నింటిలో పెద్దది ఊపు. ఓడ రెండు విధముల ఊగును. ప్రక్కలకు ఊగుట తొట్టి ఉయ్యాల వంటిది. ముందువెనుకలకు ఊగుట ఏతపు దూలము వంటిది. ఏతమున నడుమనున్న మ్రానుకు కదలిక లేదు. కొనలే లేచి పడుచుండును. 300 మీటర్ల పొడవు గల ఓడ, నడుమ ఆధారముగా, ఒక్క డిగ్రీ మాత్రము వంగినదనుకొందము. నడుమ గదిలోనివానికి అది తెలియనే తెలియదు. కొననున్న గది సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు లేచి, మరల అంతకు దిగును. ఓడ ప్రక్కలయందు చేపరెక్కల వలె అమర్చిన పలకలు ప్రక్కవాటు ఊపును చాలవరకు అణచును. ఈ ఏతపు ఊపును అణచుటకు అవి చాలవు. ఎదురు అలలలో అణియము కంటె అమరము కొంత నయమను మాట నిజమే. అయినను, బస్సులో వెనుక సీటున కూర్చుండలేనివారు ఓడలో అమరమున ఉండదలచుట సాహసము.

రెండవ దోషము చప్పుడు. ప్రొపెల్లరు అదురు నేడు తగ్గినదే గాని పోలేదు. తెల్లవారుజామున ఓడ రేవు చేరి, వెనుకకు ముందుకు జరుగుచు ఒడ్డును అంటుకొనునపుడు అది మరల మేల్కొనును. నేటి ఓడల అమరము అడుగున బల్లపరుపుగా ఉండుటచే, వెనుకనుండి వచ్చు అల దానిని తట్టినపుడు క్రింది అంతస్తుల వారికి పెద్ద గుమ్మెటపై కొట్టినట్లు వినిపించును. పై అంతస్తులవారి బాధ వేరు. పెక్కు ఓడలలో అమరపు పైకొసన భోజనశాల గాని, ఈతకొలను గాని ఉండును. ఉదయము ఆరు గంటలకే పైన కుర్చీలు ఈడ్చు ధ్వని క్రింద నిద్రించువారి నెత్తిన పడును.

మూడవది నడక. 2024లో తొలియాత్ర చేసిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ సుమారు 365 మీటర్ల పొడవు గలది. అట్టి ఓడలో ఈ కొననుండి ఆ కొనకు పోయి వచ్చినచో ముప్పావు కిలోమీటరు నడచినట్లు. నాటకశాల తరచుగ అణియము వైపున ఉండును. మోకాళ్ల నొప్పులు గలవారు మరచిన కళ్లజోడు కొరకు గదికి తిరిగిపోవలసి వచ్చినప్పుడు, ఈ దూరము ఎంతటిదో తెలియును.

చిన్న దోషములును కొన్ని కలవు. అమరపు అంతస్తులు మెట్లు మెట్లుగా కట్టిన ఓడలలో పైవారికి క్రింది బాల్కనీ స్పష్టముగ కనిపించును. ఏకాంతము కోరువారికి అది ఇబ్బంది. కొన్ని ఓడలలో గాలివాటమునుబట్టి పొగగొట్టపు మసి కుర్చీలపై రాలును. ఎదుట రాబోవు తీరమును చూచు భాగ్యము అమరమునకు లేదు. గడచినదే అచ్చట దర్శనీయము. ఎండ సంగతియు ఆలోచింపవలెను. ఓడ పడమటికి పోవుచున్నచో అమరమున సూర్యోదయము లభించును. తూర్పునకు పోవుచున్నచో సాయంకాలపు ఎండ నేరుగా గదిలోనికి వచ్చును.

బాల్కనీ యన్నప్పుడు క్షేమమును గురించియు ఒక మాట చెప్పవలెను. 2006 మార్చి 23న కరీబియను సముద్రమున ‘స్టార్ ప్రిన్సెస్’ ఓడలో ఒక బాల్కనీయందు అగ్ని పుట్టి, బాల్కనీల నడుమనున్న తడికెలను, కుర్చీలను పట్టుకొని, పై అంతస్తులకు ప్రాకెను. ఒక ప్రయాణికుడు మరణించెను. ఆర్పక విడిచిన సిగరెట్టు దానికి కారణము కావచ్చునని విచారణలో తేలెను. ఆ పిమ్మట అంతర్జాతీయ నిబంధనలు మారెను. బాల్కనీలలో అగ్నిని కనిపెట్టు సాధనములును, నీరు చిమ్మి ఆర్పు సాధనములును వచ్చెను. పెక్కు ఓడలలో నేడు బాల్కనీయందు పొగ త్రాగుట నిషిద్ధము. అమెరికాలో 2010లో చేసిన చట్టము బాల్కనీ కమ్మీలు 42 అంగుళములకు తక్కువ కారాదని విధించినది. కుర్చీ ఎక్కిన పసివానికి ఆ ఎత్తు ఒక లెక్క కాదు. చిన్నపిల్లలతో పోవువారు బాల్కనీ తలుపు గడియను తామే కనిపెట్టియుండవలెను. కుర్చీలను కమ్మీకి దూరముగ ఉంచవలెను.

మరి నిర్ణయమెట్లు? ఓడ పటమును, అనగా ప్రతి అంతస్తున ఏ గది ఎచ్చటనున్నదో చూపు పటమును, కంపెనీలు అందరికి ఇచ్చును. డబ్బు కట్టుటకు ముందు దానిని తీరికగా చూడవలెను. కోరిన గదికి పైనను క్రిందను గదులే ఉన్నచో అది మేలు. భోజనశాల క్రింద వలదు. అట్టడుగు అంతస్తు వలదు. అమరమునకు దగ్గరగా లిఫ్టు కలదో లేదో చూడవలెను. తరువాత ఋతువును విచారింపవలెను. వేసవిలో మధ్యధరా సముద్రము సాధారణముగ శాంతముగ ఉండును. శీతకాలపు ఉత్తర అట్లాంటిక్ అట్లుండదు. మన బంగాళాఖాతము నైరుతి ఋతుపవనముల కాలమునను, అక్టోబరు నవంబరు తుఫానుల కాలమునను ఎట్లుండునో తెలుగువారికి మేము చెప్పవలసిన పనిలేదు. శాంతసముద్రమున అమరపు గది స్వర్గము; కల్లోలసముద్రమున అదే గది ఏతపు కొన.

కడపట, ఆ గదిలో ఉండబోవువారి శరీరమును విచారింపవలెను. ఆరోగ్యవంతులై, నడకకు వెనుదీయక, జనసమ్మర్దమునకు దూరముగ కూర్చుండి సముద్రమును చూడగోరు దంపతులకు అమరపు గదికి సాటియైనది లేదు. తల తిరుగువారికిని, నిద్ర పలుచనివారికిని, కఱ్ఱ ఊతగొని నడచువారికిని ఓడ నడుమ, నడిమి అంతస్తున, లిఫ్టునకు సమీపముననున్న గదియే హితము. దానికి వెల తక్కువ కావచ్చును. బంధువులకు చెప్పుకొనుటకు అంత సొంపుగను ఉండకపోవచ్చును. తల్లిదండ్రులకు మంచి గది ఇప్పింపవలెనను పిల్లల ప్రేమ మెచ్చదగినదే. ఆ ప్రేమ డబ్బు కట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసిన చాలును: “అమ్మా, బస్సులో నీకు ఏ సీటు సుఖము?” వెనుక సీటైనను పరవాలేదని ఆమె చెప్పినచో, నిస్సంశయముగ అమరపు గదినే తీసికొనవచ్చును. ముందుసీటు కావలెనని అన్నచో, ఆమెకు ఓడ నడుమ గదిని ఇచ్చి, ప్రతి సాయంకాలము ఆమె చేయి పట్టుకొని అమరము దాక నడిపించి తీసికొనిపోవుడు. ప్రయాణికులందరికిని తెరచియుండు చోటు అమరమున పెక్కు ఓడలలో కలదు. అచ్చటినుండి కనిపించు నురుగుబాటకు వెల కట్టనక్కరలేదు.