పక్క సీట్లో కూర్చున్నవాడు

 

మీకు ఒక ఫోటో గురించి చెప్పాలి. 1988లో లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్క్ మైదానంలో తీసింది. లివర్‌పూల్ ఆటగాడు జాన్ బార్న్స్ కాలి దగ్గర ఒక అరటిపండు. నల్లవాడని గ్యాలరీలోంచి విసిరారు. ఆయన దాన్ని మడమతో వెనక్కి తన్నేస్తున్నాడు. ఎన్నిసార్లు చూసినా నా మనసు ఆ పండు మీద నిలవదు, గ్యాలరీ మీదికే పోతుంది. విసిరిన చెయ్యి ఒకటే. మిగతా వేలమంది ఏం చేస్తున్నారు?

1991లో ఇంగ్లండ్, వేల్స్ మైదానాల్లో జాతి విద్వేష నినాదాలు నేరమని చట్టం వచ్చింది. అయితే కనీసం ఇద్దరు గొంతు కలిపితేనే అది నినాదమట! ఒంటరిగా అరిచినవాడు ఆ సెక్షన్‌కు చిక్కడు. ఈ లొసుగు పూడ్చడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. స్పెయిన్ ఇంకా ఆలస్యం. 2023 మేలో వలెన్సియాలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ జూనియర్ తనను తిట్టినవాళ్లను వేలెత్తి చూపించాడు. మరుసటి ఏడాది ముగ్గురికి ఎనిమిది నెలల జైలుశిక్ష పడింది. ఫుట్‌బాల్ మైదానంలో జాతి దూషణకు ఆ దేశంలో పడిన మొదటి శిక్ష అదే.

మన సంగతికి వద్దాం. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్‌ను బౌండరీ దగ్గర ప్రేక్షకులు తిట్టారు. తండ్రి పోయి రెండు నెలలు కాలేదు. అతను ఊరుకోలేదు, కెప్టెన్ రహానేకు చెప్పాడు. అంపైర్లు ఆట ఆపారు, పోలీసులు ఆరుగురిని బయటికి పంపారు. మనందరి రక్తం మరిగింది. అంతకు ఏడు నెలల ముందే వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఒక మాట బయటపెట్టాడు. హైదరాబాద్ జెర్సీతో ఐపీఎల్ ఆడిన రోజుల్లో తనను 'కాలూ' (నల్లోడు) అని పిలిచేవారని, బలమైన గుర్రం అని అర్థం కాబోలు అనుకున్నానని. దానికి మన రక్తం అంతగా మరిగిందా? చదువు కోసం మన ఊరికి వచ్చిన ఆఫ్రికా పిల్లలను వీధిలో ఏమని పిలుస్తున్నామో మీ చెవులకు తెలుసు.

నేనూ ఒకసారి గ్యాలరీలో అలాంటి కేకలు విన్నాను. నోరెత్తలేదు. ఆ ఆటగాడు తలెత్తి మా వరస వైపే చూశాడు. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రేపు మీరు గచ్చిబౌలిలోనో, ఉప్పల్‌లోనో, పైచదువులకు వెళ్లి మాంచెస్టర్‌లోనో టికెట్ కొనుక్కుని కూర్చుంటారు. మీ పక్క సీట్లోవాడే, బహుశా మీ స్నేహితుడే, నోరు జారుతాడు. భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్, ఆపు" అనండి. వినకపోతే లేచి వెళ్లి అక్కడి సిబ్బందికి చెప్పండి.